అమెరికాలో ఇంకో రాష్ట్రానికి మారాలా, వద్దా? తెలుగు కుటుంబాలు తేల్చుకునే పద్ధతి

"డాలస్‌లో మంచి ఆఫర్ వచ్చింది, వెళ్లమంటారా?" అని అడిగి చూడండి. అక్కడున్న వాళ్లు "వచ్చెయ్యండి, స్టేట్ ట్యాక్స్ లేదు, ఇల్లు పెద్దది వస్తుంది" అంటారు. న్యూజెర్సీలోనో బే ఏరియాలోనో ఉన్నవాళ్లు "ఆ ఎండలు, ఆ రాజకీయాలు మనకెందుకండీ" అంటారు. ఇద్దరూ మాట్లాడేది రాష్ట్రం గురించే. మీ రోజు గడిచేది మాత్రం ఒక ఇంట్లో, ఒక స్కూల్ జోన్‌లో, ఒక టీమ్‌లో. కొన్ని సంగతులు నిజంగానే రాష్ట్ర చట్టం చేతిలో ఉంటాయి. చాలా సంగతులు కౌంటీ చేతిలోనో, కంపెనీ చేతిలోనో, పక్కింటివాళ్ల చేతిలోనో ఉంటాయి. ఏది ఎవరి చేతిలో ఉందో విడదీసుకుంటే నిర్ణయం సగం తేలికవుతుంది.

వరస కూడా ముఖ్యం. చాలామంది ఆఫర్ వచ్చిన రాత్రే జిల్లో తెరిచి ఇళ్లు చూడడం మొదలుపెడతారు. నాలుగు బెడ్రూమ్‌ల ఇల్లు, వెనకాల పెద్ద యార్డ్ కనిపించాక మిగతా ప్రశ్నలేవీ గట్టిగా అడగబుద్ధి కాదు. ఇళ్లు చివర్లో చూడండి.

1. కారణం కాగితం మీద పెట్టండి, ఇద్దరూ విడివిడిగా

భార్యాభర్తలిద్దరూ వేరువేరుగా కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఇక్కడ దేన్ని భరించలేకపోతున్నాను? అక్కడ ఏం దొరుకుతుందనుకుంటున్నాను? ఏది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు? రాసేటప్పుడు ఒకరిది ఒకరు చూడొద్దు.

తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరు "మేనేజర్, అద్దె, సేవింగ్స్" అని రాస్తారు. ఇంకొకరు "నా ఫార్మసీ లైసెన్స్, పాప ఫ్రెండ్స్, అవసరానికి పిల్లల్ని చూసే పక్కింటావిడ" అని రాస్తారు. మేనేజర్‌తో పడకపోవడం రాష్ట్రం మారడానికి కారణం కాదు, అదే ఊళ్లో ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు. అద్దె భారమైతే నలభై నిమిషాల దూరంలో ఇంకో టౌన్‌తో తీరిపోవచ్చు. ఇలా చిన్న మార్పుతో తీరేవన్నీ కొట్టేశాక మిగిలినవే అసలు కారణాలు. ఏమీ మిగలకపోతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

2. వీసా కాగితాలు: మిగతా అన్నిటికంటే ముందు

సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. మిగతా వాళ్లకు నిర్ణయం చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

హెచ్-1బిలో మీరు పని చేసే చోటు కూడా పిటిషన్‌లో భాగమే. కొత్త చోటు ఇప్పటి మెట్రో ప్రాంతం దాటి ఉంటే, కంపెనీ అదే అయినా, అక్కడ పని మొదలుపెట్టే లోపే పిటిషన్‌కి సవరణ, అంటే అమెండ్‌మెంట్ ఫైల్ చేయాలి. 2015లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ నిర్ణయంతో ఇది స్థిరపడింది. ఫైల్ అయితే చాలు, అప్రూవల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. రిమోట్ ఉద్యోగానికీ ఇదే లెక్క, ఎందుకంటే అప్పుడు మీ ఇల్లే వర్క్‌సైట్. హెచ్‌ఆర్‌కి చెప్పకుండా ఆర్నెల్లు ఆస్టిన్ నుంచి లాగిన్ అవుదామనే ప్లాన్ కొందరికి వస్తూ ఉంటుంది. పే స్టబ్‌లో ఒక రాష్ట్రం, లీజులో ఇంకో రాష్ట్రం కనిపించి తర్వాతి ఎక్స్‌టెన్షన్‌లో ప్రశ్న వస్తే సర్దుకోవడం చాలా కష్టం.

2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల హెచ్-1బి ఫీజు గురించి వాట్సాప్‌లో తెగ టెన్షన్ పడ్డారు. ఇక్కడే స్టేటస్‌లో ఉన్నవారి అమెండ్‌మెంట్లకు, ఎక్స్‌టెన్షన్లకు అది వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఆ అక్టోబరులోనే వివరణ ఇచ్చింది.

హెచ్-1బి కోసం కంపెనీ లేబర్ శాఖకు ఇచ్చే ఎల్‌సీఏ కాగితంలో రాసే ప్రివెయిలింగ్ వేజ్ (ఆ చోట ఆ ఉద్యోగానికి లెక్కగట్టే జీతం) ఊరిని బట్టి మారుతుంది. చవక ఊరి నుంచి ఖరీదైన ఊరికి మారితే కంపెనీ మీ జీతం పెంచాల్సి రావచ్చు. అందుకే కొన్ని కంపెనీలు మార్పుకే ఒప్పుకోవు. ముందే అడిగి తెలుసుకోండి.

గ్రీన్ కార్డు ప్రాసెస్ ఇంకా సున్నితం. దానికి మొదటి మెట్టు పెర్మ్, అంటే లేబర్ శాఖ అనుమతి. అది ఒక ఉద్యోగానికి, ఒక ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. ఎడిసన్ ఆఫీసు పేరు మీద పెర్మ్ అయ్యాక అదే కంపెనీ మిమ్మల్ని శాశ్వతంగా షార్లెట్‌కి మారిస్తే మామూలుగా కొత్త పెర్మ్ వేయాల్సి ఉంటుంది. తర్వాత కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఒకసారి అప్రూవ్ అయితే ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో మీ తేదీ) మీతోనే వస్తుంది కాబట్టి క్యూలో చోటు పోదు. కానీ పెర్మ్ మళ్లీ మొదలుపెడితే ఏడాదికి పైగా పడుతుంది. చివరి మెట్టు అయిన ఐ-485 అప్లికేషన్ వేసి 180 రోజులు దాటిన వాళ్లకు మాత్రం వెసులుబాటు ఉంది. ఉద్యోగం అదే తరహాదైతే కంపెనీ మారినా, రాష్ట్రం మారినా ఇబ్బంది లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి హెచ్-1బి ఐదో ఏడాదిలో ఉండి, ఐ-140 ఇంకా లేకపోవడం. ఆరేళ్ల తర్వాత పొడిగింపు కావాలంటే ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి, లేదంటే పెర్మ్ వేసి ఏడాది గడిచి ఉండాలి. అలాంటి సమయంలో ఎంత మంచి ఆఫర్ వచ్చినా నేనైతే కదలమని చెప్పను. కొత్త కంపెనీ వెంటనే పెర్మ్ మొదలుపెడతానని రాసిస్తే, ఆ ఏడాది లెక్క ఆరేళ్ల గడువులోపు సరిపోతే, అప్పుడు ఆలోచించవచ్చు.

ఈ ప్రశ్నలకు కంపెనీ లాయర్ జవాబిస్తారు, కానీ ఫీజు కట్టేది కంపెనీ అని మర్చిపోవద్దు. కొంత డబ్బు పెట్టి బయటి ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. మొత్తం వలసలో అంత గిట్టుబాటయ్యే ఖర్చు ఇంకోటి ఉండదు.

జీవిత భాగస్వామి సంగతి వేరే చూడాలి. హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి) ఉన్నవాళ్లు ఏ రాష్ట్రంలోనైనా పని చేయొచ్చు. కానీ నర్సు, ఫార్మసిస్టు, టీచర్, ఫిజికల్ థెరపిస్టు లాంటి వృత్తుల్లో లైసెన్సు రాష్ట్రానిది. నర్సులకు చాలా రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న కాంపాక్ట్ ఉంది, ఒకే లైసెన్సు వాటన్నిట్లో చెల్లుతుంది. టెక్సాస్, నార్త్ కరోలినా అందులో ఉన్నాయి, కాలిఫోర్నియా, న్యూయార్క్ లేవు. ఒకరి జీతం 20 వేలు పెరిగి, ఇంకొకరు లైసెన్సు కోసం ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంటే ఆ ఏడాది ఇంటికి వచ్చిన డబ్బు తగ్గినట్టే.

3. ఉద్యోగాన్ని ఊరితో కలిపి చూడండి

ఆఫర్ లెటర్ మీద ఉన్న ఉద్యోగం ఒక్కటే చూడొద్దు. అది పోతే అదే ఊళ్లో రెండోది దొరుకుతుందా అని అడగండి. హెచ్-1బి మీద ఉద్యోగం పోయినవాళ్లకు గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆర్కన్సాలోని బెంటన్‌విల్ వాల్‌మార్ట్ కేంద్రం, ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్ స్టేట్ ఫార్మ్ కేంద్రం. రెండు చోట్లా మనవాళ్లు హాయిగా బతుకుతున్నారు. ఇళ్లు అందుబాటులో ఉంటాయి, ట్రాఫిక్ ఉండదు. కానీ అలాంటి ఊళ్లో ఆ ఒక్క కంపెనీ తలుపు మూసుకుంటే 60 రోజుల్లో ఉద్యోగంతో పాటు ఇల్లు, స్కూలు కూడా మళ్లీ వెతుక్కోవాలి. డాలస్, అట్లాంటా, సియాటిల్ లాంటి చోట్ల ఇల్లు కదలకుండానే కంపెనీ మారే అవకాశం ఎక్కువ. వీసా మీద ఉన్నవాళ్లకు దీని విలువ జీతంలో పది శాతం తేడా కంటే ఎక్కువే అనుకుంటాను.

ఆఫర్‌లో తప్పక చూడాల్సినవి ఇంకొన్ని:

- రీలొకేషన్ డబ్బు మీద పన్ను పడుతుంది. 2018 నుంచి కంపెనీ ఇచ్చే మూవింగ్ ఖర్చును కూడా మామూలు జీతంలాగే చూస్తున్నారు. 10 వేలు ఇస్తామంటే చేతికొచ్చేది చాలా తక్కువ. గ్రాస్-అప్ చేస్తారా, అంటే ఆ పన్ను కూడా కంపెనీయే భరిస్తుందా అని అడగండి.
- ఏడాదో రెండేళ్లో లోపు మానేస్తే ఆ డబ్బు వెనక్కి కట్టాలనే షరతు దాదాపు ప్రతి చోటా ఉంటుంది. లేఆఫ్ చేసినా కట్టాలా? ఆ ఒక్క వాక్యం రాతపూర్వకంగా తీసుకోండి.
- నాన్-కంపీట్, అంటే మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు. కాలిఫోర్నియాలో ఇది చెల్లదు. ఫ్లోరిడాలో 2025లో వచ్చిన చట్టంతో ఎక్కువ జీతం ఉన్నవాళ్లను నాలుగేళ్ల వరకూ కట్టిపడేసే ఒప్పందాలకు బలం వచ్చింది. కాలిఫోర్నియాలో అలవాటుపడిన వాళ్లు ఆ పేజీ చదవకుండానే సంతకం పెట్టేస్తుంటారు.

4. డబ్బు లెక్క: ఆదాయపు పన్ను దగ్గరే ఆగిపోవద్దు

టెక్సాస్, ఫ్లోరిడా, టెనెసీ, వాషింగ్టన్, నెవాడా, న్యూ హాంప్‌షైర్, సౌత్ డకోటా, వయోమింగ్, అలాస్కా. జీతం మీద రాష్ట్ర పన్ను లేనివి ఈ తొమ్మిది. ఆ డబ్బును రాష్ట్రం ఇంకో దారిలో రాబడుతుంది. ఎక్కడ రాబడుతుందో చూడాలి.

ఒక ఉదాహరణ. కాలిఫోర్నియాలో ఇద్దరికీ కలిపి ఏడాదికి 1,80,000 డాలర్లు వస్తున్నాయనుకోండి. జాయింట్‌గా ఫైల్ చేసి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటే రాష్ట్ర ఆదాయపు పన్ను 8 వేల చుట్టూ తేలుతుంది. ఎస్‌డీఐ (రాష్ట్ర డిసెబిలిటీ ఇన్సూరెన్స్ కోత) ఇంకో 2 వేల చిల్లర. మొత్తం దాదాపు 10 వేలు. టెక్సాస్‌కి వెళ్తే ఈ 10 వేలు మిగులుతాయి. అక్కడ 6 లక్షల డాలర్ల ఇల్లు కొన్నారు, అన్నీ కలిపి ప్రాపర్టీ ట్యాక్స్ రేటు 2 శాతం అనుకుందాం. హోమ్‌స్టెడ్ మినహాయింపు (తాము ఉండే సొంతింటికి ఇచ్చే తగ్గింపు) పోను కూడా ఏడాదికి 10 వేలు దాటుతుంది. ఇక్కడ మిగిలింది అక్కడ కట్టేశారు. అలాగని లాభమే లేదనకూడదు. కాలిఫోర్నియాలో అద్దెకుంటున్న కుటుంబం టెక్సాస్‌లో సొంతింట్లో ఉంటుంది, అది నిజమైన తేడా. కానీ దాన్ని "ట్యాక్స్ మిగిలింది" అనే ఖాతాలో రాసుకుంటే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

డాలస్ ఉత్తరాన కొత్తగా లేచిన కాలనీల్లో మడ్ లేదా పిడ్ అనే అదనపు పన్ను ఉంటుంది. రోడ్లు, నీళ్లు, డ్రైనేజీ కోసం తెచ్చిన అప్పును ఇళ్లవాళ్ల దగ్గర వసూలు చేయడం అది. పక్కపక్క కాలనీల్లో ఒకే ధర ఇళ్లకు పన్ను ఏడాదికి రెండుమూడు వేలు తేడా రావచ్చు. కొత్తగా కట్టిన ఇల్లయితే ఇంకోటి గమనించాలి. మొదటి ఏడాది పన్ను ఖాళీ స్థలం విలువ మీదే పడి, ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం లోన్ కంపెనీ నెలనెలా తీసుకుని ఉంచే డబ్బు) ఆ లెక్కతోనే కట్టించుకోవచ్చు. రెండో ఏడాది ఇల్లు కలిపి విలువ కడతారు, ఎస్క్రోలో లోటు తేలుతుంది, నెల వాయిదా ఒక్కసారిగా వందల డాలర్లు ఎగబాకుతుంది. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రాప్ 13 వల్ల పన్ను కట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. అక్కణ్నుంచి వచ్చినవాళ్లకు ఇది ఊహకు అందదు. టెక్సాస్‌లో సొంతంగా ఉండే ఇంటికి ఆ పరిమితి 10 శాతం.

వడగళ్ల దెబ్బకు పైకప్పు పోతే ఇన్సూరెన్స్ డిడక్టబుల్ చాలా పాలసీల్లో ఇన్సూర్ చేసిన విలువలో 1 లేదా 2 శాతం. 6 లక్షలకు 2 శాతమంటే 12 వేలు మీ జేబులోంచే. ఆఫర్ పోల్చే షీట్‌లో ఈ వరస ఎవరూ పెట్టరు.

టెక్ కంపెనీల్లో ఉన్నవాళ్లు ఆర్‌ఎస్‌యూలు, అంటే జీతంలో భాగంగా వచ్చే షేర్లు మర్చిపోవద్దు. గ్రాంట్ (ఇస్తామని రాసిచ్చిన రోజు) నుంచి వెస్ట్ (మీవి) అయ్యేదాకా ఉన్న కాలంలో ఎంతభాగం కాలిఫోర్నియాలో పని చేశారో అంతభాగం మీద, మీరు వెళ్లిపోయాక కూడా, కాలిఫోర్నియా పన్ను అడుగుతుంది. న్యూయార్క్ కంపెనీకి ఇంకో రాష్ట్రం నుంచి మీ సౌకర్యం కోసం రిమోట్‌గా పని చేస్తే న్యూయార్క్ ఆ జీతం మీద పన్ను వేస్తుంది. మారిన ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ పార్ట్-ఇయర్ రిటర్న్‌లు వేయాల్సి రావచ్చు.

సొంతిల్లు ఉంటే వెంటనే అమ్మాలని లేదు. అమ్మే నాటికి వెనక ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉంటే దంపతులకు 5 లక్షల డాలర్ల వరకూ లాభం మీద ఫెడరల్ పన్ను ఉండదు. అంటే అద్దెకిచ్చి వెళ్లి, మూడేళ్లలోపు తేల్చుకునే వీలుంది. 2021 ప్రాంతంలో 3 శాతానికి లోన్ తీసుకున్నవాళ్లు ఈ దారి తప్పక చూడాలి.

5. విలువలు: చట్టం, చుట్టుపక్కల, వార్తలు

ఇక్కడ మాటలు గాల్లోకి పోతాయి. "అక్కడి వాతావరణం మనకు సరిపడదు", "అక్కడ కుటుంబ విలువలున్నాయి" అనే మాటల్ని పట్టుకుని ఏమీ తేల్చలేం. మీకు ముఖ్యమైన ఒక్కో విలువనూ తీసుకుని "ఇది మా ఇంట్లో ఏ రోజు, ఏ పనిలో తగులుతుంది?" అని అడగండి. జవాబు దొరికినవాటిని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, రాష్ట్ర చట్టం చేతిలో ఉన్నవి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు డాబ్స్ తీర్పు తర్వాత గర్భస్రావం పూర్తిగా రాష్ట్రాల చేతికి వెళ్లింది. టెక్సాస్, టెనెసీలలో దాదాపు పూర్తి నిషేధం. జార్జియా, ఫ్లోరిడాలలో సుమారు ఆరు వారాల పరిమితి, నార్త్ కరోలినాలో 12 వారాలు. మీ అభిప్రాయం ఏ వైపున్నా సరే, పిల్లల్ని కనాలనుకునే దంపతులైతే ఇది టీవీ చర్చ కాదు. గర్భం మధ్యలో చిక్కు వస్తే అక్కడి ఆసుపత్రిలో ఏం చేస్తారో, ఎంత ఆగమంటారో ఆ ఊరి డాక్టర్‌నే అడగండి. ప్రసవం తర్వాత జీతంతో కూడిన సెలవు చూడండి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, వాషింగ్టన్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో అది రాష్ట్ర పథకం. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి తప్పనిసరి పథకం లేదు, కంపెనీ ఇస్తేనే ఉంది. తుపాకీ విషయంలో టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన పెద్దవాళ్లు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు; కాలిఫోర్నియాలో లైసెన్సు కావాలి. టెక్సాస్ 2025లో ప్రతి పబ్లిక్ స్కూల్ తరగతి గదిలో టెన్ కమాండ్‌మెంట్స్ పెట్టాలని చట్టం చేసింది, దాని మీద కేసులు పడ్డాయి. మీ పిల్లలు ఏ తరగతి గదిలో కూర్చుంటారో ఆలోచించుకునేటప్పుడు ఇలాంటివి తెలిసి ఉండాలి.

రెండో కుప్ప, ఊరు, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ చేతిలో ఉన్నవి. ఇదే పెద్దది. దీపావళి తీసుకోండి. పెన్సిల్వేనియా 2024లో దాన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది, కానీ ఆ చట్టం స్కూళ్లను మూయమని చెప్పదు. మీ బాబుకి సెలవుందో లేదో తెలియాలంటే డిస్ట్రిక్ట్ క్యాలెండర్ తెరవాలి. లైబ్రరీలో ఏ పుస్తకాలుంటాయి, ఇంగ్లీషు సరిగా రాని పిల్లల తరగతులు (ఈఎస్ఎల్) ఎలా నడుపుతారు, స్పెషల్ ఎడ్యుకేషన్‌కి ఎంత మనసు పెడతారు అన్నవీ చాలావరకు అక్కడే తేలతాయి. డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగుల వీడియోలు చాలాచోట్ల ఆన్‌లైన్‌లో ఉంటాయి. ఒక రెండు మూడు చూడండి, ముఖ్యంగా పేరెంట్స్ లేచి మాట్లాడే భాగం. ఊరి సంగతి రియల్టర్ కంటే బాగా అదే చెబుతుంది.

మూడో కుప్ప, వార్తల్లోనూ వాట్సాప్‌లోనూ తప్ప మీ ఇంటి గడప దాటి లోపలికి రానివి. వీటిని కొట్టెయ్యండి అనను. రోజూ మనసు చేదయ్యేలా చేస్తే అదీ లెక్కే. కానీ వీటి బరువు మొదటి రెండు కుప్పల కంటే తక్కువ ఉండాలి.

ఇక మనవాళ్ల సంగతి. "తెలుగువాళ్లు ఎక్కువున్న ఊరు" అంటే వెంటనే మంచిదనుకుంటాం. ఫ్రిస్కో, ఎడిసన్, కమింగ్, మోరిస్‌విల్ లాంటి చోట్ల గుడి, మనబడి తెలుగు తరగతులు, కూచిపూడి టీచర్, అమ్మానాన్నలు వస్తే సాయంత్రం కలిసి నడిచే పెద్దవాళ్లు దొరుకుతారు. ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన అత్తగారికి అది ప్రాణం. అదే ఊళ్లో ఇంటి సైజు, పిల్లల ర్యాంకులు, ఎవరి సంఘం ఎవరిది అనే కొలతలూ వెంటవస్తాయి. ఇండియాలో ఏ కులం లెక్కల నుంచి దూరం జరగాలని వచ్చారో అవి పాట్‌లక్ దగ్గర మళ్లీ ఎదురవ్వొచ్చు. సియాటిల్ 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికన్ నగరమైంది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. మీకిది ముఖ్యమైతే, చట్టంతో పాటు ఆ ఊరి తెలుగు కార్యక్రమానికి ఒకసారి వెళ్లి ఎవరు ఎవరితో కూర్చుంటున్నారో చూడండి. నా లెక్కలో చాలా కుటుంబాల సుఖదుఃఖాలు గవర్నర్ పార్టీ కంటే దీనిమీదే ఎక్కువ ఆధారపడతాయి.

6. పిల్లల వయసు

ఐదో తరగతి లోపైతే పిల్లలు త్వరగానే కలిసిపోతారు. కిండర్‌గార్టెన్ వయసు కటాఫ్ మాత్రం చూడండి: న్యూయార్క్ నగరంలో డిసెంబరు 31, టెక్సాస్‌లో సెప్టెంబరు 1. నవంబరులో పుట్టిన పాపకు అది ఏడాది తేడా.

తొమ్మిదో తరగతి దాటితే సంగతి వేరు. క్రెడిట్లు, ర్యాంకు, కాలేజీ అన్నీ ముడిపడతాయి. టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీల ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాస్ ర్యాంకు మీద నడుస్తుంది. యూటీ ఆస్టిన్‌కి 2026 ఫాల్ నుంచి టాప్ 5 శాతంలో ఉండాలి. మనవాళ్లంతా చేరిన స్కూల్లో ఆ ఐదు శాతంలోకి రావడం మాటలు కాదు. ఇన్-స్టేట్ ఫీజుకు మామూలుగా 12 నెలల నివాసం అడుగుతారు, హెచ్-4 పిల్లల విషయంలో రాష్ట్రానికో రూలు. జార్జియా హోప్ స్కాలర్‌షిప్ లాంటివి హెచ్-4 పిల్లలకు రావు. సరిగ్గా పన్నెండో తరగతికి ముందు మారడం, బాబో పాపో తానే అడిగితే తప్ప, వద్దనే చెబుతాను.

7. చెడ్డ నెలలో వెళ్లి చూడండి

టెక్సాస్‌ని మార్చిలో, మినెసోటాని జులైలో, సియాటిల్‌ని ఆగస్టులో చూస్తే అందరికీ నచ్చుతాయి. ఆగస్టులో డాలస్, జనవరిలో మినియాపొలిస్, నవంబరులో సియాటిల్ చూడండి. వీకెండ్ కాకుండా మంగళ, బుధవారాలు కలిసేలా వెళ్లి, ఉదయం ఎనిమిదింటికి మీరు తీసుకోబోయే ఇంటి దగ్గర్నుంచి ఆఫీసుకి కారు నడపండి. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా. హోటల్‌కి బదులు ఆ కాలనీలోనే ఎయిర్‌బీఎన్‌బీ దొరికితే మంచిది.

అక్కడికి వచ్చి స్థిరపడినవాళ్లతో ఎలాగూ మాట్లాడతారు. అక్కణ్నుంచి వెళ్లిపోయినవాళ్లతో కూడా మాట్లాడండి. ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఊరిని తక్కువ చేసి చెప్పరు.

8. తేల్చడం

ముందు కాగితాల మీద రాసుకున్న "పోగొట్టుకోవడం ఇష్టం లేనివి" మళ్లీ తీయండి. వాటిలో ఒక్కటైనా తప్పనిసరిగా పోతుందని తేలితే, మిగతా మార్కులు ఎన్నొచ్చినా వాటితో దాన్ని కొట్టేయొద్దు. పది అంశాలకు పదేసి మార్కులు వేసి కూడితే ఎప్పుడూ మనం ముందే కోరుకున్న జవాబే వస్తుంది.

అలాంటిదేమీ లేకపోతే మూడు సంగతులు రాసి పెట్టుకోండి: ఏ తేదీ లోపు నిర్ణయం చెబుతారు, వెళ్తే ఎంతకాలం ఉండి చూస్తారు, ఏం జరిగితే వెనక్కి వస్తారు. మూడోది రాయడానికి ఇద్దరూ వెనకాడతారు. అయినా రాయండి. "రెండేళ్లకి తనకు లైసెన్సు రాకపోతే", "పెర్మ్ ఏడాదిలో మొదలవకపోతే" అన్నంత స్పష్టంగా ఉండాలి. మొదటి ఏడాది అద్దెకే ఉండండి. స్కూలు మధ్యలో ఉంటే ముందు ఒకరు వెళ్లి, జూన్‌లో మిగతావాళ్లు రావడం కష్టమే, కానీ రెండు చోట్ల మూడు నాలుగు నెలల అద్దె తప్పు నిర్ణయం కంటే చవక.

వద్దనుకుంటే కంపెనీకి త్వరగా చెప్పండి, మర్యాదగా కారణం కూడా. చాలాసార్లు అప్పుడే "అయితే రిమోట్‌గా చేస్తారా?" అనే మాట వస్తుంది. వస్తే మళ్లీ రెండో భాగంతో మొదలుపెట్టాలి.

9. వెళ్తే, మొదటి నెలల్లో

సిటిజన్లు కాని దాదాపు అందరూ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లతో సహా, ఇల్లు మారిన 10 రోజుల్లో చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 ఆన్‌లైన్‌లో నింపాలి. కుటుంబంలో ఒక్కొక్కరికీ విడిగా. డ్రైవింగ్ లైసెన్సు గడువు కాలిఫోర్నియాలో 10 రోజులు, న్యూయార్క్‌లో 30, నార్త్ కరోలినాలో 60, టెక్సాస్‌లో 90. టెక్సాస్‌లో కారు రిజిస్ట్రేషన్ మాత్రం 30 రోజుల్లోనే. వీసా మీద ఉన్నవాళ్ల లైసెన్సు ఐ-94 గడువుకు ముడిపడి ఉంటుంది కాబట్టి అమెండ్‌మెంట్ కాగితాలు వెంట తీసుకెళ్లండి. పాత రాష్ట్రానికి జీతంలోంచి పన్ను కోయడం ఆపారో లేదో మొదటి పే స్టబ్‌లోనే చూడండి, పేరోల్‌లో ఇది తరచూ మిస్సవుతుంది. సిటిజన్లు ఓటరు నమోదు కొత్త చిరునామాకు మార్చుకోవాలి. ఏడాది అద్దెకుండి టెక్సాస్‌లో ఇల్లు కొంటే, హోమ్‌స్టెడ్ మినహాయింపు దానంతటదే రాదు, లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామా మార్పించుకుని, ఇంటి విలువ కట్టే ఆఫీసు అయిన అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి మీరే అప్లై చేయాలి. అప్లికేషన్‌కి ఫీజేమీ లేదు. డబ్బు కడితే మేం చేసిపెడతామంటూ పోస్టులో వచ్చే ఉత్తరాలను చెత్తబుట్టలో వేయండి.